పటేలు పెట్టిన ధరల పద్ధతి

తొర్రూరులో ఆయిల్ ఇంజన్ల ఏజెన్సీ నడిపే శ్రీపాల్ రెడ్డి పటేలుకు తనంత తెలివైనవాడు తాలూకా మొత్తంలో లేడని గట్టి నమ్మకం. ఎనభై మూడులో హైదరాబాదులో కంపెనీ మీటింగుకు వెళ్లి, రెండు రోజులు బిర్యానీ తిని, చంకలో ఒక నోటుబుక్కుతో తిరిగొచ్చాడు. విడి సామాన్ల ధరలకు ఒక పద్ధతి ఉండాలని అక్కడెవరో చెప్పారట. ఈ మహానుభావుడికి అందులో అర్థమైంది ఒక్కటే, గతిలేనివాడి దగ్గర ఎక్కువ గుంజాలని.

కంపెనీ అచ్చువేసిన ధర తెలిసిన ఆసామికి ఆ ధరే. తెలియక "ఎంత?" అని అడిగినవాడికి దాని మీద పావు వంతు ఎక్కువ. తండా నుంచి వచ్చినవాడికి సగం ఎక్కువ. ఇక తన భూమిని పాలుకు చేసేవాళ్లకైతే రెట్టింపు. పొలంలో ఇంజను తనది కాబట్టి సామాను తన దుకాణంలోనే కొనాలని వాళ్లకు ముందే షరతు పెట్టాడు. ఇంకెక్కడికి పోతారని ధీమా. ఇదంతా ఆ నోటుబుక్కులో ఎర్ర సిరాతో రాసి, కౌంటర్లో కూర్చునే బుచ్చి చేతికిచ్చాడు. బుచ్చి దాన్ని దేవుడి పటం కింద పెట్టుకున్నాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు.

నర్సింహులపేట దారిలో శ్రీపాల్ రెడ్డి నాలుగెకరాలను తండా మనిషి లింగ్యా పాలుకు చేస్తున్నాడు. పంటలో చెరి సగం, మరమ్మతు ఖర్చు మాత్రం లింగ్యాదే. ఆ యాసంగిలో సరిగ్గా వరి పొట్టకొచ్చిన వేళ ఇంజను నాజిల్ పోయింది. నీళ్లు ఆగాయి. ఏడాది తిండి ఆ వరిలోనే ఉంది కాబట్టి లింగ్యా దుకాణానికి పరుగెత్తాడు.

"బుచ్చన్నా, నాజిల్ గావాలె. మన పటేల్ పొలానికే."

ఆ చివరి మాట అనకపోతే కొంత తక్కువ పడేది. బుచ్చి నోటుబుక్కు తిరగేసి, "నూట ఇరవై" అన్నాడు.

"పోయినేడు అరవై ఉండె గదనే."

"పాలుకు జేసెటోళ్లకు గింతే. పటేల్ రాసిండు, నేనేం జేత్త?"

"జర పటేల్‌ను అడుగుత."

"జనగామల పెండ్లికి పోయిండు, వారం దాంక రాడు. ఉద్దెర గిట్ట అడగకు, గది గూడ రాసిండు."

లింగ్యా దగ్గర డెబ్బై రూపాయలున్నాయి. వారపు అంగడి దాకా ఆగి, ఉన్న ఒక్క మేకను అమ్మి, నాజిల్ కొని బిగించేసరికి ఆరు రోజులు గడిచాయి. ఇంజను చక్కగా నడిచింది, నీళ్లూ పారాయి. కంకులు మాత్రం గింజ పట్టక తెల్లబోయాయి.

కోత అయ్యాక పటేలు తన సగం కోసం కల్లానికి వచ్చాడు. రాశిలో చెయ్యి పెడితే పిడికిట్లోకి వచ్చింది తాలు.

"ఏంరా లింగ్యా, నా పంటను గిట్ల జేసినవేంది?"

"నాజిల్ పోయింది పటేలా. మేక అమ్ముడుపోయేదాంక ఆరు దినాలు నీళ్లు లేకుండె."

"మేకెందుకు అమ్మినవ్‌రా?"

"మీ దుకాణంల నాజిల్ నూట ఇరవై అన్నరు."

శ్రీపాల్ రెడ్డి వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. ముఖంలో కోపం తగ్గింది. ఇప్పటికైనా సిగ్గుపడతాడని పక్కనే ఉన్న లింగ్యా పెండ్లాం రుక్కి ఆశపడింది.

"అయితే బుచ్చి సరిగ్గనే తీసుకున్నడు," అన్నాడు పటేలు. తర్వాత ఆ తాలునే రెండు కుప్పలు చేయించి, పెద్దది బండికి ఎత్తించుకుపోయాడు.