తెగని కుట్టు

స్టేషన్ ఎదురుసందులో ఉండేది ఆయన కొట్టు. కొట్టంటే పెద్ద కొట్టేమీ కాదు. ఇద్దరు మనుషులూ ఒక కుట్టుమిషనూ పడితే, మూడోవాడు బయట నిలబడి మాట్లాడాల్సిందే. పాడైపోయిన బ్యాగులు బాగుచేయడం ఆయన పని. జిప్పులు మార్చేవాడు, తెగిన పట్టీలు కుట్టేవాడు, ఊడిన సూట్‌కేసు చక్రాలు బిగించేవాడు. సందులో చిన్నాపెద్దా అందరికీ ఆయన బ్యాగుల మామయ్యే. తన అసలు పేరు తన భార్యకే గుర్తులేదని ఆయన వేళాకోళమాడేవాడు.

పనితనం మీద ఆయనకు గీర ఎక్కువే. పట్టీ మొదట్లో చతురస్రంగా కుట్టి, దాని లోపల ఐమూలగా రెండు వరసలు వేసి, దారాన్ని వెనక్కి తిప్పి ముడిని పొరల మధ్య దాచేసేవాడు.

"గుడ్డ చిరగాలి గానీ నా కుట్టు తెగదు. తెగితే తీసుకురండి, కొత్త బ్యాగే కొనిస్తా!" అనేవాడు.

పక్కన కూర్చుని పాత కుట్లు విప్పే భార్య తల ఎత్తకుండానే, "అవును, ఇల్లు గుల్లచేసి మరీ కొనిస్తారు" అనేది. వచ్చినవాళ్ళు నవ్వేవారు.

ఒక మధ్యాహ్నం, భార్య ఇంటికెళ్ళిన సమయంలో, ఒక కుర్రాడు నల్లబ్యాగు పట్టుకొచ్చాడు. ఇరవై దాటి ఉంటాయేమో. బరువు ఎక్కువుంటుంది, పట్టీలు గట్టిగా కుట్టాలన్నాడు. మామయ్య కుట్టిచ్చాడు. కుర్రాడు దాన్ని భుజాలకు తగిలించుకుని, బాగుందన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా మామయ్య అతన్ని మరిచిపోయాడు.

మర్నాడు ఆఫీసులు వదిలే వేళ స్టేషన్‌లో బాంబు పేలింది.

కొట్టు రేకుతలుపు దడదడలాడి, గూట్లోని దారపుకండెలన్నీ నేలమీద పడ్డాయి. భార్యాభర్తలిద్దరూ సందు మొదటికి పరిగెత్తారు. పొగలోంచి జనం వస్తున్నారు. ఒకావిడ ఎవరి పిల్లనో చంకనెత్తుకుని, "ఈ పాప మీదా? మీదా?" అని కనిపించినవాళ్ళందరినీ అడుగుతోంది. మామయ్య కొట్లో ఉన్న లైనింగు గుడ్డంతా తెచ్చి ముక్కలు చింపాడు. ఆయన చింపుతుంటే భార్య గాయాలకు కట్లు కట్టింది. అదే వేళకు దేశంలో ఇంకో రెండు స్టేషన్లలోనూ బాంబులు పేలాయని తర్వాత తెలిసింది.

వారం తిరక్కుండానే ఒక ఇన్‌స్పెక్టరు కొట్టుకొచ్చాడు. ప్లాస్టిక్ కవరులో ఒక గుడ్డముక్క చూపించాడు. చుట్టూ కాలిపోయి ముడుచుకుపోయింది. మధ్యలో మాత్రం చతురస్రమూ, అందులో ఐమూల వరసలూ చెక్కుచెదరలేదు.



"ఇది మీ కుట్టేనా, పెద్దాయనా?"

"నాదే."

"బాగా ఆలోచించుకోండి. ఇలా ఇంకెవరైనా కుట్టచ్చు కదా?"

"కుట్టరండీ. ఇంత ఓపిక ఎవరికుంటుంది?" అన్నాడు. అని, పక్కనే నిలబడ్డ భార్య ముఖం చూడలేక కిందికి చూశాడు.

పోలీసులు తీసుకెళ్ళి అడగాల్సినవన్నీ అడిగి, సాక్షిగా రాసుకుని పంపేశారు. ఒక్క దెబ్బ వేయలేదు, టీ కూడా ఇప్పించారు. కానీ ఊరి నోరు ఎవరు మూయిస్తారు? రేకుతలుపు మీద ఎవరో బొగ్గుతో 'బాంబు కొట్టు' అని రాశారు. భార్య దాన్ని కడిగింది. మళ్ళీ రాశారు. మళ్ళీ కడిగింది. రాసినవాళ్ళకు విసుగొచ్చింది గానీ ఆవిడకు రాలేదు.

అసలు మార్పు మామయ్యలోనే వచ్చింది. బ్యాగు తెచ్చినవాళ్ళని ఇందులో ఏం పెడతారు, ఎక్కడికి వెళ్తారు అని ఆరా తీసేవాడు. "బ్యాగు కుడతారా, పోలీసు పని చేస్తారా?" అని కసిరి వెళ్ళిపోయేవారు కొందరు. అలాగని ఊరు మాత్రం మారలేదా? స్టేషన్‌లో చెత్తడబ్బాలు తీసేశారు. గుమ్మం దగ్గర బ్యాగులు తడిమి చూసే మనుషుల్ని పెట్టారు. రైల్లో ఎవరైనా టిఫిను డబ్బా మరిచిపోతే బోగీ అంతా ఖాళీ అయ్యేది. భుజాన బ్యాగున్న కుర్రాణ్ణి దేశమంతా రెండోసారి తిరిగి చూడడం నేర్చుకుంది. పుట్టిన దగ్గర్నుంచీ అదే చూసిన పిల్లలకు అది వింతగా కూడా అనిపించేది కాదు.

ఆ కుర్రాడూ అతనితోవాళ్ళూ పట్టుబడ్డారు గానీ కేసు ఏళ్ళ తరబడి సాగింది. పిలిచినప్పుడల్లా మామయ్య వెళ్ళి కోర్టు వరండాలో బెంచీమీద కూర్చునేవాడు. అదే బెంచీ మీదకి ఒక లెక్కల టీచరమ్మ వచ్చేది. పేలుడులో ఆవిడ కూతురు పోయింది. ఒక్కగానొక్క పిల్ల, కాలేజీ నుంచి ఇంటికొస్తోందట. వాయిదా మీద వాయిదా పడేకొద్దీ ఇద్దరికీ మాటలు కలిశాయి. ఆవిడ ఫ్లాస్కులో టీ తెచ్చి మూతలో ఆయనకు పోసిచ్చేది. కూతురు చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పలేక జ్వరం నటించేదని చెప్పి, "లెక్కల టీచరు కడుపున పుట్టి తొమ్మిదో ఎక్కం రాలేదు దానికి!" అని నవ్వి, ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకునేది.

ఒకరోజు, "మీకెవరు పోయారు అన్నయ్యగారూ?" అని అడిగింది.

"నావాళ్ళెవరూ పోలేదమ్మా" అన్నాడు.

"మరి ఎందుకొస్తున్నారు?"

"సాక్షిని."

చూసినవాళ్ళలో ఒకడనుకుంది కాబోలు, ఇంకేం అడగలేదు. ఆయనా చెప్పలేదు. చెప్పాలనుకుంటూనే టీ తాగేవాడు.

చివరికి ఆయన్ని బోనులోకి పిలిచిన రోజు టీచరమ్మ లోపలే కూర్చుంది. లాయరు కవరు పైకెత్తి అందరికీ చూపించి, ఇది ఎవరి కుట్టని అడిగాడు. "నాదే" అన్నాడు మామయ్య. వినపడలేదు, గట్టిగా చెప్పమన్నారు. "ఈ కుట్టు నాదేనండీ" అన్నాడు. నిందితుల్లో ఆ కుర్రాణ్ణి చూపించమంటే చూపించాడు. కుర్రాడు మాత్రం ఆయన వైపు చూడలేదు.

వరండాలోకి వచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది. ఆ తర్వాతి వాయిదాల్లో టీచరమ్మ అవతలి వైపు బెంచీమీద కూర్చునేది. శిక్షలు పడ్డ రోజున ఎవరెవరో వచ్చి మామయ్య చేతులు పట్టుకుని, మీ సాక్ష్యం వల్లే కేసు నిలబడిందన్నారు. ఆయన తలకాయ ఊపి ఇంటికొచ్చాడు. ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక కూర్చుండిపోతే భార్య కంచం తీసేసింది.

కొన్ని నెలలకు ఒక ఉదయం టీచరమ్మ కొట్టుకొచ్చింది. మామయ్య భార్య స్టూలు తుడిచి వేసింది.

"ఒక్క సంగతి అడిగి పోతాను. బ్యాగు తెచ్చిన రోజు వాడు మీతో ఏమైనా మాట్లాడాడా? కోర్టులో అది ఎవ్వరూ అడగలేదు" అంది.

మామయ్య చేతిలో దబ్బనం పక్కన పెట్టాడు.

"ఊరెళ్తున్నావా బాబూ అన్నాను. అవును మామయ్యా అన్నాడు. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది కదా అన్నాను. చూస్తుంటుంది అన్నాడు. పట్టీ వాడి భుజానికి సరిపోయేట్టు నా చేత్తోనే సర్దాను టీచరమ్మా. జాగ్రత్తగా వెళ్ళి రా నాయనా అన్నాను."

భార్య విప్పుతున్న కుట్టు దగ్గర చెయ్యి ఆపేసింది. ఇన్నేళ్ళలో ఆవిడక్కూడా ఆయన ఈ మాట చెప్పలేదు.

"అంటే మాట్లాడాడన్నమాట" అంది టీచరమ్మ. "అమ్మ గురించి కూడా మాట్లాడాడు. రాక్షసుడనుకుంటే ఎంత బాగుండేది."

స్టూలు మీంచి లేవబోయి మళ్ళీ కూర్చుంది.

"మీమీద కోపం లేదని చెప్పడానికి రాలేదన్నయ్యగారూ. ఉంది. ఎవరిమీద పెట్టుకోవాలో తెలియక కొంత మీమీద పెట్టుకున్నాను. అది పోదు."

"పోనవసరం లేదమ్మా" అన్నాడు ఆయన.

ఆవిడ లేచి, రోడ్డు దాటి స్టేషన్ వైపు నడిచింది. గుమ్మం దగ్గర ఎవరూ అడక్కముందే చేతిసంచి తెరిచి పట్టుకుంది. మళ్ళీ ఆ సందులోకి రాలేదు.

ఆ రోజు మామయ్య మిషను ముట్టుకోలేదు. భార్య ఆయన పక్కకి జరిగి కూర్చుంది.

"నాకు చెప్పుకోవచ్చుగా?" అంది.

"ఏమని చెప్పను?" అన్నాడు. "వాడు క్షేమంగా తిరిగి రావాలనే అన్నాను."

ఆవిడ ఆయన చేతిని ఒళ్ళోకి తీసుకుంది. బయట ఎవరో హ్యాండిల్ ఊడిన సూట్‌కేసు పట్టుకుని నిలబడి, లోపల ఉన్నది కొట్టువాళ్ళేనా అని తొంగిచూస్తున్నారు. ఆవిడే లేచి వెళ్ళి, రేపు రమ్మని చెప్పి పంపింది.