ఓడేవాని పక్క మున్వరన్న

మున్వరన్నకు గెలవడం చేతకాదు. చేతకాదంటే తెలివి లేదని కాదు. వాదనలోకి దిగినాడంటే వకీళ్ళు కూడా గమ్మున వినాల్సిందే. కాకపోతే తాను గెలుస్తాండానని తెలిసిందంటే ఇంక ఆ పక్క నిలబడడు. తెగిన చెప్పును వదిలేసినట్ల ఆ మాటను ఆడనే వదిలేసి, ఓడిపోయేవాని పక్కకు పోయి కూకుంటాడు. కూకొని, రవంతసేపటి ముందర తాను చెప్పిన మాటను తానే తిడతాడు.

హిందూపురంలో పెనుకొండ పోయే రోడ్డు మీద నేను టీ అంగడి పెట్టి శానా కాలమాయ. నా పక్కదే మున్వరన్న పరుపుల అంగడి. దూది ఏకేది, పరుపులు కుట్టేది వాళ్ళ తాతల కాడినుంచి వస్తాండే పని. ఇప్పుడు దూది ఏకేదానికి మిషను వచ్చింది గానీ, ఆయప్ప నోటికి సాటి వచ్చే మిషను ఇంకా రాలేదు. నా అంగడి ముందర రెండు బెంచీలుండాయి. ఒకదాని మీద ఒక పార్టీ, ఇంకోదాని మీద ఇంకో పార్టీ. నడమ మున్వరన్న గ్లాసు పట్టుకొని తిరుగుతాంటాడు. టీ ఈ బెంచీ మీద మొదలుపెడితే, అడుగున చక్కెర తాగేది ఆ బెంచీ మీద.

ఈ గుణం పెండ్లి మాటలప్పుడే బయటపడిందంట. ఆయప్ప పెండ్లాం షంషాద్‌బీ వాళ్ళది మడకశిర. పెండ్లి హిందూపురంలోనే చేయాలని మున్వరన్న నాయన, కాదు మడకశిరలో చేయాలని పిల్ల నాయన. మున్వరన్న నాయనకు గొంతు పెద్దది. పిల్ల నాయనది సగం కన్నడం, సగం తెలుగు. ఏ మాట ఏ భాషలో చెప్పాలో తేలక పాపం తల వంచేసినాడు. అంతే, పెండ్లికొడుకు లేచిపోయి కాబోయే మామ పక్కన కూకున్నాడు. మడకశిరలో మనుషులు లేరా, నీళ్ళు లేవా అని సొంత నాయన మీదికే తిరగబడినాడు. కడాకు పెండ్లి మడకశిరలోనే అయింది. మగపెండ్లివాళ్ళంతా లారీలో కూకొని దారి పొడుగునా పెండ్లికొడుకును తిట్టుకుంటా పోయినారంట.

"ఆ పొద్దే అనుకుంటి సోమక్కా, ఈ మనిషితో బతకొచ్చని" అంటాది షంషాద్‌బీ. అని, ఆ ఊపిరిలోనే, "అంగడి మాత్రం నడపలేము" అంటాది.

ఎందుకంటే, బేరానికి వచ్చినోళ్ళు ధర తగ్గించమని అడిగేకి మొగమాటపడి గుటకలు మింగుతాంటే, మున్వరన్న వాళ్ళ తరఫున తనతో తానే బేరమాడతాడు. అందుకని ధర చెప్పేది ఆయమ్మ. ఆయప్ప వెనక రూములో సూది పట్టుకొని ఉండాల.

ఓట్లు లెక్కపెట్టిన పొద్దు చూడాల ఆయప్ప యవ్వారం. అందరూ నా అంగడి కాడ ఫోనులో వార్తలు పెట్టుకొని కూకున్నారు. ఎవరు వెనకబడితే వాళ్ళ కండువా తీసి మెడలో వేసుకుంటాడు ఈయప్ప. మధ్యాహ్నానికి కండువాలు మార్చి మార్చి మెడ కందిపోయింది. సాయంత్రం గెలిచినోళ్ళు టపాకాయలు కాలుస్తాంటే, ఈయప్ప ఓడినోళ్ళ బెంచీ మీద కూకొని, అందరికీ టీ చెప్పి, సచ్చినోళ్ళ ఇంటికి పోయినట్ల మెల్లగా పలకరిస్తాండాడు. అసలు సంగతేమంటే ఆయప్ప ఓటు వేసింది గెలిచినోళ్ళకే.

ఇంక ఆసుపత్రి కార్డు గొడవకు వస్తా. పేదోళ్ళకు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా ఊరికే ఆపరేషన్ చేసే కార్డు ఉండాది కదా, ఒక సర్కారు వస్తే దానికొక పేరు, ఇంకో సర్కారు వస్తే ఇంకో పేరు. నీవు ఏ పేరు పలికితే నీ పార్టీ అది అని బయటపడిపోతాది. మున్వరన్న మాత్రం రెండు పేర్లూ వదిలేసి "జ్వరం కార్డు" అంటాడు.

జెరాక్సు అంగడి వేణుగోపాల్ ఉండాడే, ఓడిపోయిన పార్టీ బెంచీకి పెద్ద, ఆయప్ప ఒకసారి అడిగినాడు. "జ్వరానికి ఆ కార్డు పనికిరాదు కదప్పా, ఆపరేషన్లకు కదా?"

"దానికే ఆ పేరు పెట్టింది. దేనికి పనికిరాదో ముందే చెప్పేస్తే ఎవరూ మోసపోరు."

ఆ కార్డును ఇన్సూరెన్సు కంపెనీ చేతికి ఇస్తామని సర్కారు చెప్పినప్పటినుంచి నా బెంచీలకు నిద్ర లేదు. సర్కారు పక్క బెంచీకి పెద్ద ఆదినారాయణన్న. పెనుకొండ పక్క చేన్లుండాయి, గొంతు కూడా చేనంత ఉంటాది. కంపెనీ అయితే బిల్లులు చకచకా కడతాది, అప్పుడు ఆసుపత్రులోళ్ళు మొగం చిట్లించరు అనేది ఆయప్ప మాట. కంపెనీ ఏమన్నా ధర్మసత్రమా, మన పన్నుల దుడ్లే ప్రీమియం అని మింగి, రోగమొచ్చినాక వంకలు చెప్తాది అనేది వేణుగోపాల్ మాట.

వేణుగోపాల్ తగ్గుతాంటే మున్వరన్న ఆ పక్క చేరేవాడు. మా బామర్ది మోపెడ్డుకు అద్దం పగిలితే, అద్దం బండిలో భాగం కాదన్నాడు ఇన్సూరెన్సోడు, రేపు కంటికి ఆపరేషన్ అంటే కన్ను ఒంట్లో భాగం కాదంటాడు అనేవాడు. బెంచీ అంతా నవ్వేది, వేణుగోపాల్ మీసం లేచేది. ఆ మీసం లేవడం చూసి మున్వరన్న గ్లాసు ఎత్తుకొని ఇవతలికి వచ్చేవాడు. అయినా సర్కారు కడితే మాత్రం బెరీన వస్తాదా, బిల్లు కాలినడకన కొండెక్కినట్ల ఒక్కొక్క టేబులూ ఎక్కి దిగాల, కంపెనీకైతే లిఫ్టు ఉంటాది అనేవాడు. రెండు పార్టీలోళ్ళూ వాళ్ళ వాళ్ళ మంచి మాటలన్నీ ఈయప్ప కాడనే నేర్చుకున్నారు. రెండు పార్టీలోళ్ళూ ఈయప్పను నమ్మరు.

ఒకసారి నేనే అడిగినా, ఏమన్నా, నీకిది జబ్బా అని. ఆయప్ప సూదిలో దారం ఎక్కిస్తా, "పరుపులో దూది అంతా ఒక పక్కకే పోయిందనుకో సోమక్కా, ఎవరు పండుకుంటారు దాని మీద? పల్లమున్న పక్క ఇంత కూరాల" అన్నాడు. నాకు అర్థమయినట్లే ఉండి, కాలేదు.

ఇట్లుండగా ఒకసారి, బిల్లులు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులోళ్ళు కార్డు తీసుకునేది ఆపేసినారు. ఇస్తామని సర్కారు, ఇచ్చినాకనే అని వాళ్ళు. వేణుగోపాల్ బెంచీకి పండగ. ఆదినారాయణన్న మాత్రం, అదంతా పేపరోళ్ళు రాసేది, మన కార్డు యాడైనా చెల్లుతాది, సర్కారు ఆసుపత్రికి పోయే ఖర్మ ఎవరికీ పట్టదు అని బెంచీ మీద గుద్ది చెప్పినాడు. ఆ మాటే ఆయప్ప కాళ్ళకు చుట్టుకుంది.

ఏమైందంటే, ఆయప్ప పెండ్లాం లక్ష్మీనరసమ్మకు పిత్తసంచిలో రాళ్ళు. ఆపరేషన్ చేయాల, లేటు చేస్తే లోపల చీము పట్టి ప్రాణం మీదికి వస్తాదని డాక్టరు చెప్పినాడు. మొగుడూ పెండ్లాం ఎవరికీ చెప్పకుండా ధర్మవరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయినారు. నా కాడ మాత్రం పట్టుచీర కొనేకి ధర్మవరం పోతాండామని చెప్పినారు. ఆడ కార్డు చూపిస్తే, ఇప్పుడు తీసుకోము, దుడ్లు కట్టి చేపించుకోండి అన్నారంట. ఆ సంవత్సరం శెనక్కాయ పంట పోయింది, యాడినుంచి కడతాడు? ఆపరేషనూ లేక, చీరా లేక తిరిగొచ్చినారు. చీర యాడ అని బెంచీలోళ్ళ ముందరే నేనడిగితే, కలరు నచ్చలేదన్నాడు. ధర్మవరంలో కలరు నచ్చలేదన్న మనిషిని నేను ఆ పొద్దే చూసింది.

సర్కారు పెద్దాసుపత్రిలో ఆపరేషన్లు జరుగుతానే ఉండాయి. పోవచ్చు. పోతే వేణుగోపాల్ బెంచీ గెలిచినట్ల. అందుకని ఆయప్ప దినామూ నా కాడికొచ్చి, ఇంట్లో రవంత గ్యాసు పట్టిందని సోడా కొనుక్కొని పోయేవాడు. ఆడ ఆయమ్మ కడుపు పట్టుకొని ముడుచుకొని పండుకునేది.

ఇదంతా నాకు తర్వాత షంషాద్‌బీ చెప్తే తెలిసింది. అప్పటికి ఊర్లో తెలిసింది మున్వరన్నకు ఒక్కనికే. పాత పరుపులో దూది మళ్ళా ఏకాలని, తీసుకొచ్చేకి వాళ్ళింటికి పోయినాడు. పరుపు తీసుకుంటామని లేపితే, ఆయమ్మ లేవలేకపోయింది. అప్పుడు సంగతంతా చెప్పేసింది.

ఆ మరుసటి పొద్దు చూడాల. వేణుగోపాల్ పేపరు చదివి వినిపిస్తాండాడు, ఆదినారాయణన్న తల వంచుకొని కూకోనుండాడు. మున్వరన్న వస్తాండాడు. అలవాటే కదా అని ఆదినారాయణన్న పక్కకు జరిగి చోటిచ్చినాడు. ఈయప్ప ఆ చోటు చూసి కూడా పోయి వేణుగోపాల్ పక్కన కూకున్నాడు. గెలిచే పక్క. నేను పాలు పొంగేది కూడా చూసుకోలేదు.

"ఇంక జ్వరం కార్డు పని అయిపోయింది" అన్నాడు. "అందరూ సర్కారు ఆసుపత్రికి పోవాల్సిందే. ఆడికి ఎవరు పోతారప్పా? మంచాలు కిర్రుమంటాయంట."

ఆదినారాయణన్న తలెత్తినాడు. అందరూ వదిలేసినా ఈయప్ప వదలడనుకున్నాడు కదా, మొగం ఎర్రగా అయింది. "కిర్రుమంటే? నీవు పోయేది ఆపరేషనుకా, శోభనానికా?"

బెంచీలు రెండూ నవ్వినాయి. మున్వరన్న తగ్గలేదు. "డాక్టర్లంతా పిల్లోళ్ళంట అన్నా. మీసం కూడా సరిగ్గా రాలేదంట."

"ఆడ ఉండేది డాక్టరమ్మ. ఆయమ్మకు మీసమెందుకు?"

నేను ఆ మనిషి నోట అంత పనికిమాలిన వాదన ఎప్పుడూ వినలేదు. గోడల రంగు బాగలేదన్నాడు. బువ్వలో ఉప్పు తక్కువంట అన్నాడు. ఒక్కొక్కదానికీ ఆదినారాయణన్న పొట్టేలు ఢీకొట్టినట్ల కొట్టినాడు. సర్కారు ఆసుపత్రంటే మన ఆసుపత్రి, మన సర్కారు జీతమిచ్చి పెట్టిన డాక్టర్లు, బిల్లు రాలేదని వాకిలి మూసేవాళ్ళు కాదు అన్నాడు. చెప్పేకొద్దీ ఆయప్ప వెన్ను నిటారుగా అయింది. ఆ నెలలో ఆయప్పను అట్ల చూసిండలేదు నేను.

అప్పుడు మున్వరన్న నిదానంగా అన్నాడు. "చెప్పేకి బాగుంటాదన్నా. నీ ఇంటోళ్ళనైతే తీసుకపోతావా?"

"తీసుకపోతా. రేపే పోతా. లక్ష్మీనరసమ్మకు పిత్తసంచిలో రాళ్ళుండాయి, ఆడనే తీపిస్తా. నీవే వచ్చి చూడు."

అన్నాక గానీ ఆయప్పకు తెలియలేదు, ఏమన్నాడో. వేణుగోపాల్ నోరు తెరిచినాడు. ధర్మవరం, చీర, కలరు నచ్చకపోవడం, అన్నీ వేణుగోపాల్ బుర్రలో ఒకదానికొకటి అతుక్కున్నట్ల మొగంలోనే కనపడింది. గెలిచే మాట నాలిక మీదనే ఉండాది. మున్వరన్న ఆయప్ప తొడ మీద చెయ్యి పెట్టినాడు, అంతే.

వేణుగోపాల్ పేపరు మడిచి సంకలో పెట్టుకున్నాడు. "రేపు ఎందుకప్పా ఆదినారాయణా, ఈ పొద్దే పోదాం. నా కారుండాది" అన్నాడు.

"నేను ఓడిపోయినాను" అన్నాడు మున్వరన్న, ఎవరూ అడక్కుండానే.

ఆ డాక్టరమ్మ చేతికి పుణ్యముండాల, ఆపరేషన్ బాగా చేసింది. ఒక్క పైసా పడలేదు. నేను ఫ్లాస్కులో పాలు పట్టుకొని చూసేకి పోతే, లక్ష్మీనరసమ్మ మంచం మీద దిండుకు ఆనుకొని ఉండాది. మొగంలోకి రక్తమొచ్చింది. ఆదినారాయణన్న ఎళనీరు బోండాం తెచ్చేకి బయటికి పోయినాడు.

"ఏమక్కా, మీ ఆయప్ప మంచి వాదన చేసినాడే" అన్నా నేను.

ఆయమ్మ వాకిలి పక్క చూసి, నన్ను దగ్గరికి రమ్మనింది. "పరుపు తీసుకపోయేటప్పుడు మున్వరు అడిగినాడు సోమక్కా, అన్నకు దేని మీద కోపమొస్తే అడ్డూ ఆపూ ఉండదని. సర్కారును ఎవరన్నా ఒక మాటంటే ఆగడని చెప్పినా. అయితే నేనంటాలే అన్నాడు." అని నవ్వబోయి కడుపు పట్టుకుంది. "ఆయప్పకు చెప్పొద్దు. గెలిచినానని శానా సంతోషంగా ఉండాడు."

అంతలో ఆదినారాయణన్న ఎళనీరు బోండాంతో వచ్చినాడు, వెనకనే మున్వరన్న. పక్క మంచం కాడ కూకున్న ముసలాయప్పకు ఆదినారాయణన్న పరిచయం చేస్తాండాడు, ఇదిగో ఈయప్పే నా చేతిలో ఓడిపోయింది అని. మున్వరన్న మంచం కాళ్ళ కాడ చేతులు కట్టుకొని, ఓడినోళ్ళు ఎట్ల నిలబడాలో అట్ల నిలబడినాడు.

"చెప్పప్పా మున్వర్, ఆ పొద్దు నేనేమన్నానో."

"నన్ను నోరెత్తనీలేదన్నా."

ముసలాయప్పకు చెవులు సరిగ్గా వినపడవంట, ఏమి ఏమి అన్నాడు. ఆదినారాయణన్న కుర్చీ లాక్కొని, మంచాలు కిర్రుమనే కాడినుంచి మళ్ళా ఎత్తుకున్నాడు. లక్ష్మీనరసమ్మ కుట్లు కదలకుండా కడుపు మీద దిండు పెట్టి అదుముకొని, మొగుని మొగంలోకి చూస్తా, "ఊ, ఆమీట నీవేమంటివి?" అనింది.