మా తాతయ్య తెచ్చిన పులి

నా చిన్నప్పుడు మా మిరపచేను పక్కకు పులి వచ్చిందని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. పెళ్లిళ్లలో, భోజనాల దగ్గర నేనూ చాలాసార్లు చెప్పాను, అందరినీ నవ్వించాను. చెప్పిన ప్రతిసారీ నేను వదిలేస్తూ వచ్చిన భాగం ఒకటి ఉంది.

మావాళ్లు కోస్తా నుంచి వచ్చి పినపాక దగ్గర అడవి అంచున కొద్దిగా భూమి కొనుక్కున్నారు. మిరప వేసేవాళ్లం. పండిన కాయను వెంటనే ఏరకపోతే మంచుకో మబ్బుకో రంగు పోయి తాలు అవుతుంది. ఇంటిల్లిపాదీ వంగినా మా చేతులు చాలేవి కావు. వాగు అవతలి అడవి ఊళ్ల నుంచి కూలీలు వచ్చి, కోత అయ్యేదాకా మా చేలోనే పాకలు వేసుకుని ఉండేవాళ్లు. ఆ ముఠాను వెంటబెట్టుకొచ్చే ఆమెను నేను ముఠా అక్క అనేవాణ్ణి. "నీ ముక్కు పండు మిరపకాయ లెక్కున్నది బిడ్డా, గిట్ల తెంపుకపోనా?" అంటూ ముక్కు పట్టుకుని పిండేది.

ఆ ఏడు చేను ఒక్కసారిగా ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే వాళ్ల ఊళ్లో కొలుపు వచ్చింది. ఊరి దేవతకు అందరూ కలిసి చేసుకునే పండుగ అది. ముఠా అంతా వెళ్లొస్తామన్నారు. తాతయ్య అడ్డు చెప్పలేదు. తెల్లారి చూస్తే, వాళ్లు దాటాల్సిన వాగు ఇసుకలో పులి అడుగులు.

పులి అన్న మాట కూడా వాళ్లు పలకలేదు. పలికితే వస్తుందట. "పెద్దాయన తిరుగుతున్నడు" అని గొంతు తగ్గించి చెప్పుకున్నారు. ఆ గొంతు తగ్గడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. గాలికి మొక్క కదిలినా ఉలిక్కిపడేవాణ్ణి. ఒంటికి వెళ్లాలన్నా ఎవరో ఒకరి చెయ్యి పట్టుకోవాల్సిందే. ముఠా అక్క నన్ను చేను నడిమి సాల్లో కూర్చోబెట్టి, తాను అడవి వైపు సాలు పట్టేది. ఎవరూ ఊరికి పోలేదు. కొలుపు వాళ్లు లేకుండానే అయిపోయింది.

ఒక పొద్దున భయంతో ఇంట్లో ఉండలేక తాతయ్య వెంటపడి వాగుకు వెళ్లాను. ఆయన గట్టు కింద గొంతుక్కూర్చుని, పిడికిలితో తడి ఇసుకను నొక్కి, పైన వేలికొసలతో గుంటలు పెడుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. "ఎవరితోనన్నా అన్నావంటే నాలుక కోస్తాను, ఏరా" అన్నాడు, నవ్వుతూనే. తర్వాత ఎడ్లను అటే తోలి, ఎవరూ పోల్చుకోకుండా ఆ అడుగులను సగం తొక్కించాడు. పులి లేదని తెలిశాక నా భయం పోవాలి. పోలేదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకోలేకపోయాను.

ఆ మధ్యాహ్నమే అడవి నుంచి వెదురు లారీలో వచ్చినవాళ్లు ఒక కబురు చెప్పి పట్నం వైపు వెళ్లిపోయారు. ముఠా అక్క ఊళ్లో తన తల్లి దగ్గర వదిలి వచ్చిన కూతురికి చలిజ్వరం, కన్ను తెరవడం లేదని. ఊరికి ఉన్న దారి అడవిలో కాలిబాటే. అక్క ఒడిలోని కాయలు కింద పోసేసింది. తోడు రావడానికి ఎవరికీ ధైర్యం లేదు.

"ఒక్కదానివే ఎట్లా పోతావమ్మా?" అన్నాడు తాతయ్య, నేల చూస్తూ. ఇప్పుడైనా చెబుతాడని నేను ఆయన మొహం చూశాను. ఆయన నా మొహం చూశాడు. నేను తల దించుకున్నాను.

"పోకుంటే ఎట్లయ్యా, పిల్ల నాది" అంది అక్క. చప్పుడు వింటే పెద్దాయన తప్పుకుంటాడని ఒక సత్తు గిన్నె, కర్ర తీసుకుంది. పోతూ నా వైపు తిరిగి, "నువ్వు ఇల్లు దాటి రాకు బిడ్డా" అంది. గిన్నె చప్పుడు చెట్లలో దూరమవుతూ చాలాసేపు వినిపించింది. అది ఆగినప్పుడల్లా మళ్లీ మోగేదాకా చెవులు రిక్కించి నిలబడేవాణ్ణి, పులి లేదని తెలిసి కూడా.

కోత ముగియవచ్చే రోజుల్లో ఆమె తిరిగొచ్చింది. చంకలో పిల్ల. ఎముకల గూడులా ఉంది, కానీ బతికింది. కల్లంలో మా కాయలు ఎర్రగా ఆరుతున్నాయి. చుట్టుపక్కల అందరికన్నా మాకే తాలు తక్కువ. తాతయ్య హస్తవాసి అన్నారు.

అక్క నేరుగా నా దగ్గరికొచ్చింది. "ఇంక నీకేం భయం లేదు బిడ్డా. మాకొక కోడి ఉండె. పిల్ల లేచి కూసున్నంక, దాన్ని నీ పేరు మీద కోసిన. పెద్దాయన నీ జోలికి రాడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఇంకా భయపడుతున్నాననుకుని తల నిమిరింది. "రాడంటున్నగా, పిచ్చోడా." తాతయ్య కల్లంలోంచి లేచి, ఎండలో ఎటో నడిచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన పులి మాట ఎత్తగా నేను వినలేదు. ఆయన పోయాక ఇసుకలో అడుగుల సంగతి నేను ఇంట్లో చెప్పేస్తే, దాన్ని నవ్వులాట చేసింది మేమే. కోడి సంగతి మాత్రం నేను ఎక్కడా చెప్పలేదు.

అక్క కూడా ఇప్పుడు లేదు. నాకు చెప్పే వయసు వచ్చాక కూడా ఆమెకు నిజం చెప్పలేదు.

ఆ చేను ఇప్పుడు నేను చేస్తున్నాను. కూలీలు దొరకని రోజుల్లో, ఇంటికి పోతామన్నవాళ్లను ఆపడానికి ఏదో ఒక అబద్ధం నా నోటిదాకా వస్తుంది. వాగు పొంగిందనో, ఆటో రాదనో. దాన్ని మింగేసి, వెళ్లి రండమ్మా అంటాను. వాళ్లు వచ్చేలోపు కొన్ని కాయలు తాలు అవుతాయి. అవనీ.