చిలుక గుర్తు ప్లేట్లు

చాందా గోల్‌బజార్‌లో ఆ రోజుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు వందల్లో ఉండేవాళ్లు. తెలుగు చదివేవాడు కావాలంటే మాత్రం వెతుక్కోవాలి. వెతికితే దొరికేవాడు పోశం. గ్రామఫోన్‌ను అక్కడ బాజా అనేవాళ్లు. గులాబ్‌సేఠ్ బాజాల దుకాణంలో ప్లేట్లు అమ్మేవాడు.

పోశం పుట్టింది రాజురాలో. నిజాం కాలపు బడిలో ఉర్దూ దిద్దాడు. తెలుగు అతనికి ఏ పంతులూ చెప్పలేదు. ప్లేట్లతో పాటు కంపెనీవాళ్లు పంపే పాటల పుస్తకాలు ముందు పెట్టుకొని, ప్లేటు తిరుగుతుంటే అక్షరాల మీద వేలు నడిపించి తనంతట తానే నేర్చుకున్నాడు. అందుకే ఏది చదివినా కొంచెం రాగం వచ్చేది. "చావు కబురు జాబు గూడ పల్లవి లెక్క చదువుతడు మా ఆయన" అని భార్య సరోజ నలుగురిలో నవ్వేది.

రాజురా తాలూకా అప్పటికి మూడేళ్లలో మూడు జిల్లాలు చూసింది. ఆదిలాబాద్ నుంచి తీసి నాందేడ్‌లో కలిపారు, అక్కడా ఉంచక చాందాలో కలిపారు. రాష్ట్రాల మధ్య గీతలు గీసిన పెద్దలెవరూ ఆ ఊళ్ల నీళ్లు తాగి ఎరుగరు. జనం ఉన్నచోటనే ఉండి పరాయివాళ్లయ్యారు. పెద్దలు ఇంట్లో తెలుగులో తిట్టుకుంటుంటే పిల్లలు బడిలో మరాఠీ దిద్దుకున్నారు. మాట నోట్లో మిగిలింది, అక్షరం చెయ్యిజారింది.

ప్లేటు మీద పేరు చదవలేనివాళ్లకు అమ్మడం ఎట్లా? పోశం దానికో ఉపాయం కనిపెట్టాడు. కవరు మూలన నీలిసిరాతో బొమ్మ వేసేవాడు. భజనలకు దీపం, హరికథలకు చిరతలు, జగిత్యాల సౌభాగ్యం పాటలకు చిలుక, కరీంనగర్ రుక్కమ్మ పాటలకు మల్లెపువ్వు. "చిలుకది ఇయ్యి పోశన్నా" అంటే చాలు. నాలుగు గీతల్లో ముక్కు, రెక్క, తోక వచ్చేసే ఆ చిలుకను పోశం తప్ప ఇంకెవరు వేసినా కోడిపిల్లలా ఉండేది.

దుకాణం ముందు నల్లబల్ల ఉండేది. ప్రతి శనివారం దాని మీద ఆ వారం ఎక్కువ పోయిన ప్లేట్ల పేర్లు రాసేవాళ్లు. హిందీకి ఒక వరస, మరాఠీకి ఒక వరస, తెలుగుకు ఒక వరస. మూడింట్లో అన్నిటికన్నా ఎక్కువ పోయినదాన్ని ఎర్ర సుద్దతో అన్నిటికీ పైన రాసేవాళ్లు. చాయ్ హోటళ్లవాళ్లు వచ్చి ఆ బల్ల చూసి ప్లేట్లు కొనుక్కుపోయేవాళ్లు. తెలుగు వరసలో ఏ పేరూ ఎన్నడూ ఎర్ర సుద్ద ఎరగదు. సౌభాగ్యమైతే ఆ వరసలోనే నాలుగో పేరో ఐదో పేరో. చివరి ఆరు నెలల్లో అదీ లేదు.

ఆ యేడు చలికాలంలో సేఠ్ పోశాన్ని పిలిచి, చాయ్ తెప్పించి, మెల్లగా చెప్పాడు.

"పోశం, నీ మీద నాకేం పగలేదు భావూ. గానీ తెలుగు అలమార ఇగ తీసేద్దాం. రాజురా గూడ ఇటే వచ్చేసింది గదా, వాళ్లు గూడ మరాఠీనే కొంటరు. ఈ నెల చూద్దాం. బల్ల మీద తెలుగు పైకొస్తే ఉంచుత, లేకుంటే లేదు."

"అలమార తీస్తే నేనేం చెయ్యాలె సేఠ్?"

"సూదులు అమ్ము, బాజాలు బాగుచెయ్యి. ఎల్లగొడతనన్ననా?"

ఎల్లగొట్టనని సేఠ్ నిజంగానే అన్నాడు. కానీ పోశానికి ఆ అలమార ముందు నిలబడితేనే తానెవరో తెలిసేది. సూదులు ఎవడైనా అమ్ముతాడు.

అట్లాంటి వారంలో, ఒక సోమవారం సాయంత్రం, హైదరాబాద్ రేడియో సౌభాగ్యం చనిపోయిందని చెప్పింది. ముప్పై నాలుగేళ్లు. ఊపిరితిత్తుల జబ్బు. పిల్లల్లేరు. చెప్పి ఊరుకోలేదు, ఒకదాని వెనుక ఒకటి ఆమె పాటలు వేశారు. బతికి ఉండగా వారానికొకటి వెయ్యడానికి చెయ్యిరానివాళ్లు చచ్చిన సాయంత్రం ఆరు వేశారు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు.

పోశం రేడియో దగ్గర కూర్చుని ఏడ్చాడు. మర్నాడు దుకాణం తెరిచేసరికి మెట్ల మీద మనుషులున్నారు. దుర్గాపూర్ బొగ్గుబాయి ఆడవాళ్లు, బల్లార్‌పూర్ కాగితం మిల్లువాళ్లు, రాజురా నుంచి బస్సు దిగినవాళ్లు. అందరి నోటా ఒకటే మాట, చిలుకది కావాలి. ఆరు నెలలుగా దుమ్ముపట్టిన ముప్పై ప్లేట్లు బుధవారం సాయంత్రానికి అయిపోయాయి. విచిత్రం, కొన్నవాళ్లలో సగం మంది ఇళ్లల్లో బాజా లేదు. పోశం అది గమనించాడు గానీ, ఎందుకని ఆలోచించే తీరిక లేకపోయింది. లోపల ఏడుపు, పైన సంబరం. ఆమె చావు తన అలమారను నిలబెడుతున్నదని తెలుస్తూనే ఉంది, సిగ్గేస్తూనే ఉంది.

గురువారం వచ్చినవాళ్లకు లేవని చెబుతుంటే సేఠ్ లోపలికి పిలిచాడు. రుక్కమ్మ ప్లేట్ల కట్ట ముందు పెట్టాడు.

"వీటికి గూడ చిలుక వెయ్యి."

"ఇవి రుక్కమ్మవి సేఠ్."

"ఆడగొంతే గదా. ఇవీ తెలుగే గదా. చదివేటోడు ఎవడున్నడు, నువ్వు తప్ప?" సేఠ్ భుజం మీద చెయ్యి వేశాడు. "నా కోసం కాదు. నీ అలమార కోసం."

మాట సూటిగా తగలవలసిన చోటే తగిలింది. పోశం కొత్త కవర్లు తెచ్చి, మల్లెపువ్వు కవర్లు తీసేసి, పదకొండు చిలుకలు వేశాడు. శనివారం లోపల పదకొండూ పోయాయి. ఆ రద్దీలో బాజా మీద వినిపించి అమ్మే అలవాటు ఎట్లాగూ ఆగిపోయింది. శనివారం బల్ల మీద మొదటిసారి తెలుగు పేరు ఎర్ర సుద్దతో పైకెక్కింది. బొంబాయి సినిమా పాటల మీద జగిత్యాల సౌభాగ్యం. బజారంతా వచ్చి చూసింది. సేఠ్ పేడాలు పంచాడు. పోశానికి ఇచ్చిన పేడా చేతిలోనే మెత్తబడిపోయింది.

మంగళవారం పొద్దున లక్కడ్‌కోట్ నుంచి రాజమ్మ వచ్చింది. డెబ్బై ఏళ్ల ముసలి, సేద్యం చేసుకునే కాపుదనం మనిషి. బండి మీద రాజురాకు, రాజురా నుంచి బస్సుకు, వర్ధా నది దాటి వచ్చింది. రుక్కమ్మ ప్లేట్లకే ఆ పొద్దున పోశం మళ్లీ చిలుకలు వేసి పెట్టిన కట్టలోంచి మొదటిది తీసి చేతికిచ్చాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకొని కొంగులో చుట్టుకుంది.

"బాజా ఉన్నదా అవ్వా ఇంట్ల?"

"బాజా ఎందుకు బిడ్డా? రేపు ఆమెకు పదోదినం గాదా? ఆమెకు పిల్లల్లేరట. ఎవలు పెడతరు? అప్పట్ల మా ఊరికొచ్చి మూడు దినాలు మా ఇంట్లనే ఉండె. నా చేతి జొన్నరొట్టె తిన్నది. ప్లేటు పీటమీద పెట్టి, అన్నం కూర పెట్టి, కాకిపిట్టకు ఇడుస్త. మా ఊర్ల ఇంక నలుగురు పెడుతుండ్రు. ఆమె గొంతు ఇండ్లనే ఉన్నది గదా, ఆమె ఉన్నట్టే."

బాజాలు లేని ఇళ్లు ప్లేట్లెందుకు కొన్నాయో పోశానికి అప్పుడు తెలిసింది. ఆ కవరులో ఉన్నది కరీంనగర్‌లో శుభ్రంగా బతికి ఉన్న మనిషి గొంతు. ఆమెకు పిండం పెట్టించబోతున్నాడు తాను. అప్పటికే పదకొండిళ్లలో పెట్టించబోతున్నాడు.

"అవ్వా, అది ఇటియ్యి."

"ఏందిరా?"

"అది ఆమెది కాదు. రుక్కమ్మ అని ఇంకొకామె. బతికే ఉన్నది. నేనే చిలుక గుర్తేసి అమ్మిన."

దుకాణంలో ఏడెనిమిది మంది ఉన్నారు. అందరూ ఇటు తిరిగారు. రాజమ్మ కొంగు విప్పి ప్లేటును పామును పారేసినట్టు బల్ల మీద వదిలింది.

"థూ! బతికున్న ఆడపిల్లకు నా చేత దినం పెట్టిస్తుంటివా? చెట్టు పేరు చెప్పి కాయలమ్మినోళ్లను చూసిన గానీ, పీనుగ పేరు చెప్పి అమ్మినోన్ని నిన్నే చూసిన!"

"తప్పే అవ్వా. జర కూసో, ఇప్పుడే వస్త."

సేఠ్ వెనక నుంచి మరాఠీలో ఏదో అంటూనే ఉన్నాడు. పోశం వినలేదు. ఇంటికి పరుగెత్తి, సొంతానికి దాచుకున్న సౌభాగ్యం మొదటి ప్లేటు తెచ్చి రాజమ్మ ముందు పెట్టాడు. ఆమె నమ్మలేదు. బాజా మీద వేసి వినిపించాడు. రెండు చరణాలు అయ్యేదాకా ఆమె కళ్లు మూసుకునే ఉంది. తర్వాత "ఇదే, ఇదే గొంతు" అంది. పోతూ పోతూ దీవించలేదు, తిట్టనూ లేదు.

సేఠ్‌తో మాట చిన్నగానే అయిపోయింది.

"నా దుకాణంల, నా ముంగట, నా గిరాకీకి గట్ల చెప్తవా?"

"చెప్పిన సేఠ్."

"రేపటి సంది రాకు."

"సరే. ఆ పదకొండు ప్లేట్ల బాకీ నాది. ఈ తెలుగు ప్లేట్లు మిగిలినయి నాకియ్యి, నా జీతంల పట్టుకో."

సేఠ్ అలమార తాళంచెవి బల్ల మీద పడేశాడు. "తీస్కపో" అన్నాడు. సేఠ్ చెడ్డవాడేమీ కాదు. మాట అర్థమైంది గానీ, గుర్తు మారితే అంత అనర్థమేమిటో అర్థం కాలేదు, అంతే.

ఇంట్లో సరోజ సంగతంతా విని ఒక్కటే అడిగింది. "పదోదినం రేపే గదా? ఇంక కూసున్నవేంది?"

దుర్గాపూర్ మూడు మైళ్లు. పదకొండింటిలో ఏడింటిని అక్కడి బాయి ఆడవాళ్లే గుంపుగా వచ్చి కొన్నారు. పోశం సైకిలు దిగేసరికి కాంతమ్మ కోళ్లను గంప కింద కమ్ముతున్నది. ఆ వాడకు ఆమె మాటే మాట.

విషయం చెప్పేసరికి ఏడుగురూ పోగయ్యారు. తిట్లు పడ్డాయి. ఒకామె చీపురు కూడా ఎత్తింది. పోశం తలవంచి నిలబడ్డాడు. ఏడు ప్లేట్లూ వచ్చి అరుగు మీద చేరాయి. ఒకదానికి అప్పుడే పసుపు, కుంకుమ.

"మరి రేప్పొద్దున మేం దేనికి పెట్టాలె?" అంది కాంతమ్మ. "కోడిని గూడ తెచ్చుకున్నం. పిల్లలు లేని మనిషని మొక్కుకున్నం. నీ దగ్గర అసలుది ఒక్కటి గూడ లేదా?"

"ఒక్కటే ఉండె. లక్కడ్‌కోట్ అవ్వకిచ్చిన."

"మంచిగున్నది! ఆమెకు అసలు, మాకు నకలు."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో కొంత కోపం దిగింది. కాంతమ్మ పిల్లల పలక తెచ్చి అతని ముందు పడేసింది.

"ఆమె పేరు రాయి. దానికే పెడతం."

పోశం రాశాడు. ఆమె పలకను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మొన్న చిలుకేసి ఆమె అన్నవు. ఇయ్యాల గీతలు గీసి ఆమె అంటున్నవు. మాకేం ఎరుక, ఇది నీ పేరే కావచ్చు."

పోశం అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. పలక ఆమె ఒళ్లో పెట్టి, ఆమె వేలు పట్టుకోబోయి ఆగి, తన వేలు మొదటి అక్షరం మీద ఉంచాడు. "ఇది సౌ. చూడక్కా, గిట్ల తిరిగి పైకి పోతది. ఇది భా. ఇది గ్యం." పక్కన తన పేరు కూడా రాశాడు. "ఇది పో, ఇది శం. రెండిట్ల ఒక్కటన్న కలుస్తుందా చెప్పు."

ఏడుగురు ఆడవాళ్లు పలక చుట్టూ మూగారు. చాలాసేపు వెతికారు. చివర ఉన్న సున్నా ఒక్కటే కలిసింది. దాని మీద పెద్ద తగువే అయింది. తగువు తీరేసరికి ముగ్గురికి ఆ మూడక్షరాలూ వచ్చాయి. కాంతమ్మ మళ్లీ మొదటి నుంచి వేలు నడిపించి, తానే పైకి చదివి, "ఆమెనే" అంది.

మర్నాడు పొద్దున పలక ముందు అన్నం, కోడికూర పెట్టారు. పిట్ట ముట్టింది. పోశం దూరంగా నిలబడి చూశాడు.

బల్లార్‌పూర్‌లో ఇంకో రెండు దొరికాయి. మిగిలిన రెండు దొరకలేదు. స్టేషన్ దారిన పోతూ ఎవరో బాటసారులు కొన్నవి. ఏ ఊరో తెలియదు. ఆ రెండింటి సంగతి పోశాన్ని చాలాకాలం తిననీయలేదు. హైదరాబాద్ రేడియోలో రుక్కమ్మ కొత్త పాట వచ్చిన రోజు అతను రెండు ముద్దలు ఎక్కువ తినేవాడని సరోజ చెప్పేది.

ఆ శనివారం నల్లబల్ల మీద తెలుగు వరస లేదు. రెండు వరసలకు మధ్య ఖాళీ కూడా మిగల్చలేదు, అక్షరాలు కొంచెం పెద్దవిగా రాసి సర్దారు.

పోశం ప్లేట్ల పెట్టె సైకిలుకు కట్టుకున్నాడు. దుర్గాపూర్ వాడలు, సాస్తి బాయి, రాజురా అంగడి తిరిగాడు. వినిపించందే అమ్మడు. అంతకన్నా పెద్ద అలవాటొకటి అయింది. అడిగినా అడగకపోయినా పాడిన మనిషి ఉన్నదో పోయిందో ముందే చెబుతాడు. తెలియకపోతే తెలియదంటాడు. కంపెనీకి కార్డు రాసి కనుక్కొని మరీ చెప్పిన రోజులున్నాయి.

"ప్లేట్లమ్ముతున్నవా, జాతకం చెప్తున్నవా?" అని అంగట్లో నవ్వేవాళ్లు.

నవ్వినవాళ్లే ప్లేటు చేతిలోకి తీసుకొని, ఎందుకైనా మంచిదని అడిగేవాళ్లు.

"ఉన్నదా పోశన్నా?"

"ఉన్నది. మంచిగున్నది. మొన్ననే కొత్త పాట గూడ పాడింది. తీస్కో, ఉన్నప్పుడే ఇను."