కడగని ఇసుక

సత్తెనపల్లిలో మా ల్యాబు పక్క ఖాళీ స్థలంలో ఎవరో ఇల్లు మొదలుపెట్టారు. పొద్దున్నే ఏటవాలుగా నిలబెట్టిన జల్లెడ మీదికి పారతో ఇసుక విసిరే చప్పుడు మొదలవుతుంది. పార గీరుకునే చప్పుడు, వెంటనే ఇసుక జారే చప్పుడు, మళ్ళీ పార. కిటికీ మూసినా సన్నటి దుమ్ము లోపలికొచ్చి బల్ల మీద, టీ గ్లాసులో, చివరికి పళ్ళ సందుల్లో చేరుతుంది. మేస్త్రీ కూతుర్ని, ఆ చప్పుడు వింటూనే పెరిగాను. ఎప్పుడూ విసుగనిపించలేదు. ఈ వారం రోజులుగా మాత్రం అది వినపడితే ఒళ్ళు మండుతోంది. దానికి కారణం నా బల్ల మీదున్న చెక్కపెట్టె. నాకు ఈ పని నేర్పిన పరంధామయ్య గారు పోయిన నెల చనిపోయారు. ఆయన భార్య ఆ పెట్టెను ఎవరిచేతో పంపించి, "మీ సార్ దీన్ని నీకే ఇవ్వమన్నారమ్మా" అని ఫోన్ చేసింది. చనిపోయిన మనిషి గురించి మంచి మాట్లాడటం మర్యాద. నేనూ మంచితోనే మొదలుపెడతాను.

నరసరావుపేటలో కట్టుబడి సామాను పరీక్షించే చిన్న ప్రైవేటు ల్యాబుకి ఆయన ఇన్‌ఛార్జి. సిమెంటు, కంకర, ఇసుక, ఏదైనా ముందు మా దగ్గరికి రావాలి, మేము బాగుందని కాగితం ఇవ్వాలి, అప్పుడే పని కదులుతుంది. నేను సివిల్ డిప్లొమా కాగితాలు ఫైల్లో పెట్టుకుని ఉద్యోగం కోసం ఆయన ముందు నిలబడ్డ రోజున ఆ ఫైలు తెరవనే లేదు.

"ఇసుక ఏం రంగమ్మా?" అని అడిగారు.

"ఇసక రంగే సార్," అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

ఆయన నవ్వలేదు. చిటికెడు ఇసుక గ్లాసులో వేసి కడిగి, ఆరబెట్టి, గాజుపలక మీద చల్లి, మూలనున్న మైక్రోస్కోపు కింద పెట్టారు. అది ఏదో కాలేజీవాళ్ళు పాతదని తీసేస్తుంటే ఆయన సొంతానికి కొనుక్కున్నది. ల్యాబు పనికి దాని అవసరమే లేదు. "చూడు. చూసి మళ్ళీ చెప్పు," అన్నారు. కన్ను ఆనించాను. మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనపడ్డాయి. తర్వాత ఒక్కసారిగా వెలుగు. కలకండ పలుకుల్లా తెల్లగా మెరిసేవి కొన్ని, తేనెరంగువి కొన్ని, లేత గులాబీవి కొన్ని. మధ్యలో ఒకటి దానిమ్మ గింజంత ఎర్రగా. ఒక మూల ఆకుపచ్చ పలుకు. దేనికదే వేరు, ఒకదానిలా ఇంకొకటి లేదు. మా ఇంటి ముందు గుట్టగా పోసి ఉంటే నేనూ మా తమ్ముడూ గూళ్ళు కట్టి ఆడుకున్న ఇసుక అదే. కన్ను ఆనించే వేళ్ళ మీద రంగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "రేపటి నుంచి రా," అన్నారు.

ఆయన ఇచ్చిన మొదటి పాఠం ఇప్పటికీ ఆయన గొంతుతోనే వినపడుతుంది. "కడగక ముందు ఒకసారి చూడు. కడిగాక ఒకసారి చూడు. ముందు చూసేది పని కోసం. తర్వాత చూసేది మన కోసం." హోమియో మందుల చిన్న సీసాల్లో ఊరూరి ఇసుక దాచేవారు. ఎవరు ఏ ఊరికి వెళ్తున్నా స్వీట్లొద్దు, గుప్పెడు ఇసుక తెమ్మనేవారు. సత్రశాల దగ్గరి కృష్ణ, మాచర్ల చంద్రవంక, కారంపూడి నాగులేరు, సూర్యలంక సముద్రం, అన్నీ ఆ చెక్కపెట్టెలో గుంటలు తవ్వి వరసగా పేర్చి ఉండేవి. నాగులేటి ఇసుక మీద ఒక చుక్క యాసిడ్ వేస్తే కొన్ని పలుకులు బుసబుసమని పొంగేవి. "మన పల్నాటి సున్నపురాయమ్మా, ఏట్లో పడి ఇంత చిన్నదైనా పౌరుషం తగ్గలా," అని మురిసిపోయేవారు. నా జీవితంలో అంతకుముందు నన్నెవరూ కూర్చోబెట్టి ఒక వస్తువును చూడమనలేదు. పని చెయ్యమన్నవాళ్ళే అందరూ. అందుకే ఆయనంటే నాకు అంత భక్తి. ఆ భక్తే తర్వాత నాకు అడ్డం పడింది.

ఒకసారి మా నాన్న ల్యాబుకి వచ్చాడు. మా ఊరు కారంపూడి దగ్గర. ఊళ్ళో ఆయన్ని యోహాను మేస్త్రీ అంటారు. ఏదో పని మీద పేటకి వచ్చి నన్ను చూసి పోదామని గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. సార్ ఆయన్ని లోపలికి పిలిచి, మైక్రోస్కోపు ముందు తన స్టూలు మీదే కూర్చోబెట్టారు. నాన్న చాలాసేపు కన్ను తియ్యలేదు.

"ఓరి దేవుడా, ముప్పయ్యేళ్ళ నుంచి వీటినా సారూ నేను తొక్కుకుంటా తిరిగింది?" అన్నాడు.

"ఇసక మంచిదో కాదో మీకెట్టా తెలిసిద్ది మేస్త్రీ?" అని సార్ అడిగారు.

"చెయ్యి చెప్పిద్ది సార్. గుప్పిట్లో పట్టి గట్టిగా పిసికి వదిల్తే, మంచిదైతే జారిపోయిద్ది, అరచెయ్యి అరచెయ్యిలాగే ఉంటది. మట్టి ఉంటే రంగు పట్టిద్ది. ఇంకా అనుమానమైతే చెవి కాడ పెట్టి నలిపితే మంచి ఇసక కరకరమంటది. మట్టిది మాట్లాడదు."

"మీ చెయ్యే ల్యాబు మేస్త్రీ. మేం దానికి కాగితం రాస్తన్నాం, అంతే," అన్నారు సార్. నాన్న ఆ మాటను ఊళ్ళో కనీసం యాభై మందికి చెప్పి ఉంటాడు.

అది జరిగిన కొన్ని నెలలకు ఒక ఇసుక బస్తా వచ్చింది. చీటీ మీద మా ఊరి పేరు. బడికి కొత్త వరండా వేస్తున్నారు, దాని స్లాబుకి. ఊళ్ళో స్లాబు ఏదైనా పోసేది మా నాన్నే, ఇదీ ఆయనే పోస్తాడని నాకు తెలుసు. కడగక ముందు చిటికెడు తీసి చూశాను. పలుకు ఒక్కటీ కనపడలేదు. ప్రతిదానికీ ఎర్రమట్టి చొక్కా తొడిగినట్టుంది. సార్‌ని పిలిస్తే వచ్చి చూసి, "ఇంత మట్టి ఉంటే సిమెంటు రాయిని పట్టుకోదు, మట్టిని పట్టుకుంటది. మట్టి ఊడిపోతే అంతా ఊడిపోయిద్ది. పనికిరాదు," అన్నారు. ఆ మాట ఆయన నోటితోనే అన్నారు. నేను మర్చిపోలేదు.

మధ్యాహ్నం ల్యాబు ఓనరు దగ్గర్నుంచి ఫోనొచ్చింది. సార్ బయట మెట్ల మీద నిలబడి మాట్లాడి వచ్చి, "ఆ ఇసుక కడుగమ్మా," అన్నారు. మామూలుగా చూసే రెండో చూపు కోసమేననుకుని కడిగాను. మొదటి బకెట్టు నీళ్ళు చిక్కటి ఎరుపు. రెండోదీ ఎరుపే. మూడో బకెట్టుకి గానీ తేరుకోలేదు. ఆరబెట్టి లెన్సు కింద పెడితే, అంతకుముందు ఆ ల్యాబులో చూసిన ఏ ఇసుకా అంత అందంగా లేదు. దానిమ్మ రంగు పలుకులు ఎన్నో. మా ఊరి ఇసుకలో ఇంత అందముందా అని సంబరంగా సార్‌ని కేకేశాను. ఆయన వచ్చి చూసి "బాగుంది" అని, ఆ కడిగిన ఇసుకనే తీసుకెళ్ళి పరీక్ష జాడీలో పోసి నీళ్ళు పోశారు. మట్టి ఎంతుందో తేల్చే పరీక్ష అది. జాడీలో నీళ్ళు తేటగా నిలబడ్డాక గానీ నాకు అర్థం కాలేదు.

"సార్, అది కడిగింది."

"తెలుసు."

"మా ఊరి బడి సార్."

"ఓనరు గారి బావమరిదిదమ్మా కాంట్రాక్టు. ఈ ఒక్కదానికే. వరండానేగా, క్లాసురూము కాదుగా." నా వైపు చూడకుండా కాగితం జరిపారు. "పరీక్ష చేసింది నువ్వు. ఇక్కడ నీ సంతకం."

ఆ కాగితంలో ఒక్క అంకె కూడా తప్పు లేదు. కడిగిన ఇసుకకి అవన్నీ నిజాలే. నా మెడ మీద ఎవరూ కత్తి పెట్టలేదు. ఉద్యోగం పోతుందన్న భయం, అంతకుమించి ఆయన చెప్పారు కదా అన్న భక్తి. పెట్టాను. ఇంటికెళ్ళి నాన్నతో చెప్పొచ్చు. చెబితే ఆ కాగితం అబద్ధమని తేలుతుంది, కింద పేరు నాది. నాన్న చెయ్యి ఎటూ పట్టేస్తుంది, ఆయనే వద్దంటాడులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిరికితనానికి అంతకంటే తేలికైన దారి దొరకదు.

స్లాబు పోసిన రోజున అలవాటు ప్రకారం పనివాళ్ళకి వేటమాంసంతో భోజనాలు. సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. నేను వెళ్ళేసరికే స్లాబు పోయడం అయిపోయింది. నాన్న చేతులు కడుక్కుని నా పక్కన విస్తరి ముందు కూర్చున్నాడు, మొహం వెలిగిపోతోంది.

"పొద్దున ఇసక చూస్తే చేతికి రంగు పట్టిందమ్మా. ఇది నేను వెయ్యనని కూలోళ్ళని ఆపా. ఆ కాంట్రాక్టరు జేబులోంచి కాగితం తీసి చూపిచ్చాడు. ఏందా అని చూస్తే కింద నీ పేరు! ఇంక నా చెయ్యేందిలే, మా అమ్మాయి మిషన్లో పెట్టి చూసినాక అన్నా." పక్కన కూర్చున్న కూలీలకి వినపడేలా నవ్వాడు. నేను విస్తట్లో అన్నం కలుపుతూ కూర్చున్నాను. అప్పుడైనా చెప్పాల్సింది.

రెండు వానాకాలాలు నిలిచింది. వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం సగం వరండా కూలింది. కింద ఎవరూ లేరు. అందుకని అది ఎవరికీ పెద్ద విషయం కాలేదు. ఇసుక కాగితం సరిగ్గా ఉంది, సిమెంటు కాగితం సరిగ్గా ఉంది. ఇక మిగిలింది మేస్త్రీ. "యోహానుకి చెయ్యి పోయింది" అన్నారు ఊళ్ళో. నలుగురూ అన్న మాటకి ఆయన పోట్లాడతాడనుకున్నాను. పోట్లాడలేదు. ఆయనే నమ్మాడు. ఒకళ్ళిద్దరు పాత పరిచయం కొద్దీ పనికి పిలిచినా, "నా చేతిని నేనే నమ్మట్లా, ఇంకొకర్ని చూసుకోండి" అని పంపించేశాడు. తాపీ గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు. ఇప్పుడు కారంపూడిలో ఒక టైల్సు షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో వాచ్‌మన్‌గా కూర్చుంటున్నాడు.

వరండా కూలిన వారం నేను సార్ మీదికి వెళ్ళాను. ఆయన బల్ల దగ్గర సీసాలు తుడుచుకుంటున్నారు. అంత కోపంలోనూ "మీరు" అనే అన్నాను, అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం. "మీ చెయ్యే ల్యాబన్నారు కదా సార్ మా నాన్నని. ఆ చేతిని మనమే విరగ్గొట్టాం," అన్నాను. ఆయన సీసా కింద పెట్టి, "నేను వచ్చి మేస్త్రీతో మాట్లాడతానమ్మా," అన్నారు. రాలేదు. నేను ఉద్యోగం మానేసి ఈ ఊరు వచ్చేశాను. ఏటా జనవరి ఒకటిన ఆయన ఫోన్ చేసేవారు. నేను తీసేదాన్ని కాదు. తీసి ఉంటే ఏమనేవారో, ఇక తెలియదు.

పెట్టె తెరిచి సీసాలన్నీ చూశాను. కృష్ణ, చంద్రవంక, నాగులేరు. చివరి వరసలో ఒక సీసా మీద ఆయన గుండ్రటి అక్షరాల్లో మా ఊరి పేరు, దాని కింద "కడగనిది" అని. అంటే నేను బకెట్లో వెయ్యకముందే ఆయన చిటికెడు తీసి దాచారు. ఇన్నేళ్ళూ ఇంట్లో పెట్టుకుని తుడుచుకుంటూ కూర్చున్నారు. పారెయ్యలేదు, ఎవరికీ చూపించలేదు. నాకిది పశ్చాత్తాపంగా కనపడటం లేదు. తను చచ్చాక నా నెత్తిన పెట్టిపోయిన బరువుగా కనపడుతోంది.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక నాన్న ఇంట్లో ఉండగా ఆ సీసా తీసుకెళ్ళాను. ఏమీ చెప్పకుండా ఆయన అరచేతిలో కొంచెం పోశాను. ఆయన గ్లాసులోంచి ఒక చుక్క నీళ్ళు వేసుకుని బొటనవేలితో నలిపాడు. ఎర్రటి మరక పడింది. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది బడి ఇసక," అన్నాడు.

"అవును నాన్నా."

"మరి ల్యాబులో పాసయిందిగా?"

"కడిగి పరీక్ష చేశారు. కడిగింది నేనే."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

ఆయన తిట్టలేదు. అరచెయ్యినే చూస్తూ, "నీళ్ళు ఎక్కువ పోశానేమో అనుకున్నానే," అన్నాడు. "ఆ షాపు ముందు కూర్చుని రోజూ అదే తలుచుకుంటా. ఆ రోజు కలుపులో ఎన్ని బకెట్లు పోశానా, ఎక్కడ చెయ్యి తప్పిందా అని." మరకని బొటనవేలితో ఇంకోసారి రుద్ది, "చెయ్యి బానే ఉందన్నమాట," అన్నాడు. ఆ గొంతులో సంతోషమేమీ లేదు. అరవై దాటిన మనిషికి ఆ సంగతి ఇప్పుడు తెలిసి ఏం లాభం. నా చేతిలోంచి సీసా తీసుకుని, మూత బిగించి, చొక్కా జేబులో వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి నాకు ఫోన్ చెయ్యలేదు.

ఇప్పుడు నా ల్యాబుకి వచ్చే ప్రతి ఇసుకనీ కడగక ముందే చూస్తాను, వచ్చింది వచ్చినట్టే కాగితం మీద రాస్తాను. కడిగి మన కోసం చూసే ఆ రెండో చూపు మానేసి చాలా ఏళ్ళైంది. చూడటం నాకు పరంధామయ్య గారే నేర్పారు. చూసి ఊరుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెట్టెలో ఆ సీసా గుంట ఖాళీగా ఉంది. నాన్న దాన్ని జేబులోంచి తీసి ఊళ్ళో ఎవరికైనా చూపిస్తే ఆయన పేరు నిలబడుతుంది, నాది పోతుంది. చూపించు నాన్నా అందామని ఆ రోజు గుమ్మం దాకా వెనకాలే వెళ్ళాను. గుమ్మం దగ్గర నిలబడ్డాను గానీ ఆ మాట నోట్లోంచి రాలేదు.