వానను ఆగమన్న మైకు

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన పొద్దు మా లెక్కల సారు సంతోషం పట్టలేక పిల్లలందరికీ బఠానీలు పంచిపెట్టినాడని ఊర్లో ఒక పుకారుంది. శుద్ధ అబద్ధం. పంచిపెట్టింది బొరుగులు. నాగ్గూడా ఒక పిడికెడు ఇచ్చినాడు కాబట్టి నాకు బాగా తెలుసు.

ఆ రోజుల్లో ఉరవకొండ పక్క మా పల్లెలో మనుషులు రెండే రకాలు: క్రికెట్ చూసేటోళ్లు, చూసేటోళ్లను తిట్టేటోళ్లు. మొదటి రకానికి పెద్ద నేను, రెండో రకానికి పెద్ద మా నాయన. ఇద్దరమూ ఒకే ఇంట్లో ఉండేది. టీవీలో మ్యాచ్ వస్తాంటే నేను మనిషిని కాదు. ఒకసారి మా అమ్మ చాట పట్టుకోని గడపలో నిలబడినప్పుడు వరసగా రెండు ఫోర్లు పడినాయి. ఇంక ఆమెను ఆడ్నుంచి కదలనిస్తినా? పొయ్యి మీద పప్పు మాడతాంటే, "అమ్మా, నీ కాళ్లు మొక్కుతా, ఈ ఒక్క ఓవరు కదలొద్దు" అని అడ్డం పడుకొంటి. (దేశం గెలిచింది. మేము మాడుపప్పు తిన్నాం. దేశం కోసం ఆ మాత్రం చేయకపోతే ఎట్ల?) నాయన చేను నుంచి వచ్చి, చెంబుతో కాళ్ల మీద నీళ్లు పోసుకుంటా, "ఆడేటోనికి కాళ్లు నొస్తాయి, సరే, అర్థముండాది. కూర్చోని చూసేటోనివి, నీకేం నొస్తాదిరా అట్ల మూలుగుతావు? ఆ బంతి యాడికి పోతే నీకేమి?" అనేవాడు. నిజమే కదా, నాకేమి? ఎంత ఆలోచన చేసినా తెలిసేది కాదు. అంతలో ఇంకో వికెట్ పడేది, ఆలోచన ఆడికి ఆగిపోయేది.

ఇంత పిచ్చి ఉన్నోడు ఆడేకి పోకుండా ఉంటాడా అంటారేమో. పోయినా. నేను బ్యాటు పట్టుకొంటే బంతికి నేను కనపడేవాన్ని, నాకు బంతి కనపడేది కాదు. రెండు ఆటలు చూసి మావాళ్లు, "నువ్వు బయటుంటేనే మనకు బలం" అని తేల్చినారు. అప్పటికి నేను టౌన్లో ఒక మైకుసెట్టు అంగట్లో పనికి కుదిరినా. పెండ్లిండ్లకు, జాతర్లకు హారన్లు కట్టే పని. అందుకని మా ఊరి టోర్నమెంటుకు కామెంట్రీ చెప్పే పని నాదే అయింది. నా నోరు ఎట్లాగూ ఊరికే ఉండదు, దానికి కరెంటు ఇచ్చినారు, అంతే.

మైదానం మా ఊరి చెరువు. కంగారు పడొద్దండి, అనంతపురం జిల్లాలో చెరువంటే నీళ్లుండాలని రూలేం లేదు. చదునుగా గట్టిబడిన అడుగు పిచ్‌కు బాగుండేది, కట్ట మీద కూర్చొంటే గ్యాలరీ. ఆ ఏడు శ్రావణంలో మాకూ పక్కూరికీ ఫైనలు పడింది. పడాల్సిన వాన మాత్రం పడలా. విత్తినాక రెండు మంచి వాన్లు కురిసి శెనక్కాయ పైరు మొలిచింది, అంతే, ఆకాశం తలుపేసుకొంది; పూత ఎట్లనో పట్టింది గానీ, కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగాల్సిన కాలమొచ్చినా తలుపు తీయలా. నెలన్నరగా చినుకు లేదు. మధ్యాహ్నానికి ఆకు ముడుచుకోని పోయేది. "ఈ వారంలో ఒక్క వాన పడితే కాయి, లేదంటే పీకి గొర్లకెయ్యడమే" అని నాయన ముందురోజు రాత్రి ముద్ద కలుపుకుంటా అన్నాడు. నేను విన్నా. విని, పాపం ఇంత బాధలో ఉండే రైతులు ఫైనల్ నాడన్నా కొంచెం నవ్వుకోనీ అని, నాలుగు హారన్లలో రెండిటిని చేన్ల పక్కకు తిప్పి కట్టినా. ఆ మంచితనమే నా కొంప ముంచింది.

ఆట సాయంత్రానికి గొంతుదాకా వచ్చింది. మేము గెలిచేకి రెండు ఓవర్లలో పద్నాలుగు కావాల. ఆడతాండేది బండన్న. తాడిపత్రి నుంచి బండలు తోలే లారీ డ్రైవరు, ఆయప్ప చేతిలో బ్యాటు గూడా స్టీరింగు మాదిరే తిరుగుతాది. ఆయప్ప లారీ కట్ట కింద నిలబడి ఉండాది, ఆట అయిపోతానే లోడుకు పోవాల. మధ్యలో ఆట ఆగితే రూలు ప్రకారం మళ్లీ ఒక దినం మొదట్నుంచి ఆడాల. ఆ దినం బండన్న ఏ రోడ్డు మీద ఉంటాడో ఎవరికి తెలుసు? ఆయప్ప లేకుంటే మేము పద్నాలుగు కాదు, నాలుగు గూడా కొట్టం.

సరిగ్గా అప్పుడు కొండ పక్కనుంచి మబ్బు లేచింది. మామూలు మబ్బు కాదు, ఎనుముగొడ్డు మాదిరి నల్లగా, కిందికి వాలి, నిదానంగా మా ఊరి మీదికే నడిచొస్తాంది. చల్లగాలి తగిలింది. కట్ట మీద జనం బంతిని చూస్తాండారు, చేన్లలో జనం గెనాల మీద, అదే చేని గట్ల మీద, నిలబడి మబ్బును చూస్తాండారు. నేను మైకు పట్టుకోని నడుమ ఉన్నా. అప్పుడు పడింది ఒక చినుకు, నేరుగా నా మైకు మీద. 'టప్' మని నాలుగు హారన్లలోనూ మోగింది. అంపైరు ఆకాశం పక్క చూసినాడు. నాకు లోకం చీకటయింది. ఏం మాట్లాడతాండానో తెలియకుండా ఒక చెయ్యి పైకెత్తి మొదలుపెట్టినా: "సామీ! వానదేవుడా! నీకు దండం పెడతా, ఒక్క పావుగంట ఆగు సామీ! నెలన్నర ఆగినోడివి, పావుగంట ఆగలేవా? ఆగు సామీ, ఆగు!"

హారన్లు మంచివి. మాట ప్రతి చేనికీ పోయింది.

గాలి తిరిగింది. ప్రమాణం చేసి చెప్తాండా, నా మాట నోట్లో ఉండంగానే తిరిగింది. ఎనుము మాదిరి మబ్బు కొంచెంసేపు నిలబడి, ఎవరో ముక్కుతాడు లాగినట్ల పక్కకు మళ్లి, చిన్నగా పక్కూరి దావ పట్టింది. ఎండొచ్చింది. బండన్న మిగిలినవన్నీ ఒకే ఓవర్లో ఊడ్చేసి, కడాకు కట్ట అవతలికి ఒక సిక్సు కొట్టినాడు. నేను మైకులో గొంతు చించుకోని అరిచినా. అరిచి అరిచి, నా గొంతు ఒక్కటే వినపడతాండాదని గమనించి ఆపినా. కట్ట మీద మావాళ్లు ఒక్కరూ ఎగరలా. అందరూ అంతో ఇంతో చేను ఉన్నోళ్లే కదా. అంతలో ఓడిపోయిన పక్కూరోళ్లకు ఫోనొచ్చింది. "మనూర్లో కురుస్తాందంట! దంచి కొడతాందంట!" అని వాళ్లు చెరువంతా గంతులేసినారు. వచ్చి, కప్పు పట్టుకొన్న బండన్నను కాదు, నన్ను భుజాల మీదికి ఎత్తుకొన్నారు. "అన్నా, వచ్చే ఏడు గూడా నువ్వే మైకు పట్టాల! ఈ కప్పు మీరే ఉంచుకోండి, ఈయప్పను మాకిచ్చి పోండి!" అని ఊరేగించినారు. గెలిచినోళ్లు తలలు దించుకోని ఇండ్లకు పోయిన ఫైనలు అదొక్కటే నేను చూసింది.

భుజాల మీదినుంచి దిగి టీకొట్టుకు పోతే చాచా గ్లాసు బోర్లించినాడు. "టీకి నీళ్లు కావాల కదప్పా. నువ్వే ఆపినావు గదా." పక్కింటి అత్త నన్ను చూసి ఆరేసిన బట్టలు తీయబోయి, "ఉండనీలే, ఈయప్ప ఊర్లో ఉన్నంతకాలం తడవవు" అని మళ్లీ ఆరేసింది. పొద్దు మునిగే లోపలే నాకు 'ఆగుసామి' అని పేరు పడిపోయింది. (ఇప్పటికీ ఉండాది. నా అంగడి బోర్డు మీద వేరే పేరుంటాది, అది ఎవరికీ తెలియదు.)

ఇంటికి పోయేకి ధైర్యం చాలక, తిట్లేవో చేన్లోనే తినేద్దామని నాయన దగ్గరికి పోతిని. ఆయన గెనిమ మీద గొంతుక్కూర్చోనుండాడు. నన్ను చూడలా. దూరంగా పక్కూరి మీద వాన తెర మాదిరి దిగతాండాది, దాన్ని చూస్తాండాడు. టవలు కొసలు రెండు చేతులా బిగించి, భుజం ఒక పక్కకు వంచి, "ఇట్ల... ఇట్ల రా... ఇంకొంచెం... అబ్బా!" అని గొణుగుతాండాడు. వాన అంచు మా పొలిమేర దాకా వచ్చి వెనక్కు పోతే, నొప్పి తగిలినోని మాదిరి మూలిగినాడు.

ఆ మూలుగు నాకు బాగా తెలుసు. బంతి గీత దగ్గర ఆగిపోయినప్పుడు నేను మూలిగే మూలుగే. విత్తినాడు, కలుపు తీసినాడు, ఆయన చేతుల్లో ఉండే ఆటంతా ఆడేసినాడు. ఇంక చూడడం ఒకటే మిగిలింది. ఏ ఆటా చూడడనుకొన్న మనిషి జీవితమంతా ఒకే ఆట చూస్తా ఉండాడు, అది గూడా నాకంటే పిచ్చిగా. పోయి పక్కన కూర్చొంటి.

వాన పక్కే చూస్తా, "ఎవరు గెలిచిరి?" అన్నాడు.

"మనమే నాయనా."

"ఊ" అని, టవలు దులిపి భుజాన వేసుకుంటా, "బండోడు కొట్టినాడా కడాకు?" అన్నాడు. అంతే. నా సంగతి ఎత్తలా. (వారం తిరిగేలోపల ఒక మోస్తరు వాన పడింది లెండి. సగం పంట చేతికొచ్చింది. మిగతా సగం మాత్రం ఈ పొద్దుకీ నా ఖాతాలోనే రాస్తారు ఊర్లో.)

ఇప్పుడు నాకు టౌన్లో సొంత మైకుసెట్టు అంగడి ఉండాది. నాయన పెద్దోడైనాడు, చేను కౌలుకిచ్చినాం. మొన్న ఒక సాయంత్రం ఇద్దరమూ ఒకే మంచం మీద కూర్చోని, ఎవరి ఫోన్లో వాళ్లం మునిగి ఉన్నాం. నా ఫోన్లో మ్యాచ్. ఆయన ఫోన్లో మబ్బులు. యాడ మబ్బు ఉండాదో, యాడికి పోతాండాదో రంగుల్లో చూపించే బొమ్మ. మనవడు నేర్పించినాడు, అప్పట్నుంచి వదలడు. చేను మేము చేయకపోయినా చూస్తాడు. నేను ఊరుకోలేక, "ఏం నాయనా, ఆ మబ్బు యాడికి పోతే నీకేమి?" అన్నా. ఆయన బొమ్మను వేళ్లతో ఇంకొంచెం పెద్దది చేసుకొన్నాడు. సరే అని, ఇన్నేండ్లుగా అడగాలనుకొన్నది గూడా అడిగేసినా.

"నాయనా, ఆ పొద్దు నేను మైకులో ఆగమన్నందుకే వాన పక్కకు పోయిందని ఊరంతా అనిరి కదా. నువ్వు గూడా నమ్మినావా?"

ఆయన ఫోన్ మీదినుంచి కన్ను తీయలా. బొమ్మలో ఎర్రమచ్చ ఒకటి గుత్తి టౌను పక్కకు జారతాంటే, ఫోన్‌ను రెండు చేతులా పట్టుకోని మెల్లగా మా ఊరి పక్కకు వంచుతా, అన్నాడు:

"పోరా! మనం అరిస్తే ఆడ ఆట తిరుగుతాదని నమ్మేకి, నేనేమన్నా నీ మాదిరి క్రికెట్ చూసేటోన్నేమిరా?"