చెంచెడు బావి నీళ్లు

నా పళ్లు చూసి ఇప్పటికీ కొందరు జర్దా అలవాటుందా అని అడుగుతారు. లేదు, మా బావి నీళ్లు తాగి పెరిగాను అని తలెత్తుకునే చెబుతాను. ఆ తలెత్తడం నాకు నేర్పింది మా నాయిన.

చిట్యాల అవతల, హైదరాబాదు రోడ్డుకు ఎడంగా ఉండేది మా క్రైస్తవుల వాడ. నాయిన అక్కడ ఉపదేశి. ఆదివారం వాక్యం చెప్పేవాడు, మిగతా రోజులు కూలికి పోయేవాడు. నేను పుట్టకముందు మావాళ్లు ఊరి బావిలో చేద వేయడానికి లేదు. ఎవరో ఒకరు దయతలచి కడవలో పోసేదాకా మా ఆడవాళ్లు గట్టు కింద నిలబడాల్సిందే. అది చూడలేక నాయిన పదిమందిని కూడగట్టి, మోకరించి ప్రార్థన చేసి, బండ పగలగొట్టి సొంత బావి తవ్వించాడు. నీళ్లు పడ్డ రోజు వాడంతా ఏడ్చిందట. అప్పటినుంచి మాకొక ఆచారం వచ్చింది. పసిబిడ్డను మొదటిసారి చర్చికి తెచ్చిన ఆదివారం, నాయిన ఆ బావి నీళ్లు చెంచెడు నోట్లో పోసేవాడు. ఆ తర్వాత ఇంట్లో కూడా అవే పట్టేవాళ్లు.

అరవైల మొదట్లో నేను హైదరాబాదు హాస్టల్లో ఉండి బీఎస్సీ చదివాను. మా వాడనుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే. నోరు గట్టిదే గానీ, నవ్వొస్తే మాత్రం కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. పళ్లనిండా గోధుమరంగు చారలు. మా వాడలో నా ఈడు వాళ్లందరికీ అంతే. పెద్దవాళ్లకు నడుములు బిగుసుకుపోయేవి. రెక్కల కష్టం గదా, అలాగే ఉంటుంది అనుకునేవాళ్లం.

ఒకరోజు మా కెమిస్ట్రీ లెక్చరర్ నా పళ్లు గమనించి, మీ ఊరి నీళ్లు తెచ్చి చూపించమన్నాడు. రెండు సీసాలు పట్టుకెళ్లాను. ఒకటి మా బావిది, ఒకటి వాగు ఇసుకలో తోడిన చెలిమెది. పరీక్ష చేయించి చెప్పాడు: బావి నీళ్లలో ఫ్లోరైడు మితిమీరి ఉంది, పెరిగే పిల్లల పళ్లకూ ఎముకలకూ చేటు. చెలిమె నీళ్లు మంచివే.

అప్పటికి అక్క తొలిచూలు కొడుకును ఎత్తుకుని పుట్టింట్లో ఉంది. ఆమె అత్తిల్లూ మా వాడలోనే. ఆ ఆదివారమే వాడికి చెంచా నీళ్లు. శుక్రవారం బస్సు దిగి ఇల్లు చేరుతూనే, అన్నానికి కూర్చున్న నాయినకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

“నేను మోకాళ్లూని అడిగితే పడ్డ నీళ్లు. గవి విషమంటవా?”

“నేనంటలేను నాయినా, పరీక్షల తేలింది.”

“చెంచెడు నీళ్లకు పిలగానికి ఏమైతది?”

“చెంచెడుకు ఏం గాదు. గా చెంచాతోటే రోజూ తాగుడు షురువైతది.”

అరుగుమీదున్న మా చర్చి సంఘ పెద్ద ఊరుకుంటాడా! “నాలుగచ్చరాలు రాంగనే దేవునికే వంకలు పెట్టబట్టె నీ బిడ్డ” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. “వంక దేవునికి గాదు పెద్దనాయినా, బండకు. బండల ఉన్నదే నీళ్లల్ల దిగింది.”

నాయిన అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. శనివారం పొద్దంతా బావి గట్టుమీదే కూర్చున్నాడు. రేపు ఆ చెంచా ఎత్తుతాడేమోనని నేను పదిసార్లు వాకిట్లోకి వచ్చి చూశాను.

ఆదివారం అక్క బిడ్డతో ముందుకు వచ్చింది. బల్లమీద చెంబు, చెంచా ఉన్నాయి. నాయిన వాటిని ముట్టుకోలేదు. “ఇయ్యాల నా చిన్నబిడ్డ సాక్ష్యం చెప్తది” అన్నాడు. దేవుడు తమకు చేసిన మేలు నలుగురిలో లేచి చెప్పుకోవడాన్ని మేము సాక్ష్యమంటాం. నేను లేచి సీసాల సంగతి చెప్పాను, కొంగు నోటికి అడ్డం పెట్టుకునే.

“కొంగు తియ్యి బిడ్డా. పళ్లు చూపెట్టు.”

తీశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నా పక్కకు వచ్చి తన పళ్లూ చూపించాడు. ఒక్క చార లేదు.

“ఇద్దరం ఒక్కింటోళ్లమే. నా పళ్లు వచ్చినంక తవ్విన బావి ఇది. నా బిడ్డ గీ నీళ్లతోనే పెరిగింది. నీళ్లియ్యమని ప్రార్థన జేసిన, దేవుడిచ్చిండు, గది అబద్ధం గాదు. కానీ తెలిసినంక గూడ ఇవి మంచియే అంటె అబద్ధ సాక్ష్యమైతది. గంత పాపం నాతోని గాదు.”

అని, అక్క కడవలో తెచ్చిన చెలిమె నీళ్లు మనవడి నోట్లో పోశాడు.

వాగు కోసెడు దూరం, ఎవరు మోస్తారని గొణుగుళ్లు లేచాయి. “ఆడోళ్లు ఇప్పటికే శాన మోసిన్రు” అని, సోమవారం నాయినే కావడి భుజానికెత్తుకున్నాడు. వెనకే సంఘ పెద్ద కూడా నడిచాడు, తిట్టుకుంటూనే. బావి నీళ్లు బట్టలకూ గొడ్లకూ మిగిలాయి.

ఏడేళ్లకు అక్క కొడుక్కి పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. నాయిన వాణ్ణి ఎండలో నిలబెట్టి, నోరు తెరిపించి, ఒక్కొక్క పన్నూ వేలితో తడిమి చూశాడు. తెల్లటి పళ్లు. ఆయన కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

“ఇగ నవ్వు బిడ్డా” అన్నాడు.

కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వాను.